ఇనుము మీద పలకని ట్యాగ్.. నింద మాత్రం కార్మికుడి మీద

మా పెద్ద మామూది రాయచోటి. పన్నెండేళ్లుగా సౌదీలోని జుబైల్‌లో ఫిట్టర్ పని చేస్తున్నారు. రిఫైనరీలు, కెమికల్ ప్లాంట్లు మరమ్మతుల కోసం ఆపినప్పుడు జరిగే పనిని అక్కడ మనవాళ్లు షట్‌డౌన్ పని అంటారు. అలాంటి ఒక షట్‌డౌన్‌లో ఆయన పేరు మీద ఒక టార్క్ రెంచి ‘వాపసు రాలేదు’ అని కంప్యూటర్‌లో పడింది. మామూ మాత్రం పని అయిపోయిన సాయంత్రమే దాన్ని మిగతా సామానుతో పాటు ఇనప పెట్టెలో పెట్టి టూల్ రూమ్‌లో అప్పజెప్పారు.

"ఇచ్చేశాను సాబ్ అంటే, మెషిన్ అబద్ధం చెప్పదు అన్నాడు బేటీ ఆ సూపర్‌వైజర్. మూడు నెలల పాటు నెలకు ఐదు రోజుల జీతం కోసేశారు" అని మొన్న సెలవుకు వచ్చినప్పుడు చెప్పారు. నాలుగో నెలలో స్టోర్ సర్దుతుంటే ఆ రెంచి అదే పెట్టె అడుగున దొరికింది. డబ్బు తిరిగి ఇచ్చారట. సారీ అని మాత్రం ఎవరూ అనలేదట.

మెషిన్ అబద్ధం చెప్పదన్న మాట నా మనసులో ఉండిపోయింది. గల్ఫ్‌లో, ఇక్కడి ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది చేతి పనిముట్లకు ఇప్పుడు ఈ ట్యాగులే అంటిస్తున్నారు. అందుకే ఇవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో కూర్చుని తెలుసుకున్నాను.

ఫాస్టాగ్ చుట్టమే

దీని అసలు పేరు ఆర్‌ఎఫ్‌ఐడీ. అంటే రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టే పద్ధతి. కారు అద్దం మీద అంటించే ఫాస్టాగ్ ఇదే జాతిది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో దాన్ని తప్పనిసరి చేశారు కాబట్టి, పేరు తెలియకపోయినా వస్తువు అందరికీ పరిచయమే.

ఆ ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. ఆవగింజ కంటే చిన్న చిప్, దానికి రెండు వైపులా సన్నటి లోహపు గీతల యాంటెన్నా, అంతే. గేటు దగ్గర రీడర్ అనే యంత్రం తరంగాలు పంపుతుంది. మన దేశంలో దీనికి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు. ఆ తరంగాల్లోంచే యాంటెన్నా కాస్త కరెంటు పట్టుకుని చిప్‌ను లేపుతుంది. చిప్ తన నంబరును అదే తరంగం మీద తిప్పి పంపుతుంది. రీడర్ పంపేది ఒక వాట్ చుట్టుపక్కల ఉంటే, మంచి చిప్ లేవడానికి అందులో లక్షో వంతు అందినా సరిపోతుంది. అలా తిరిగొచ్చిన తరంగంతో సమాచారం పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీర్ 1948లోనే ఒక పరిశోధన పత్రంలో రాశారు. ఆలోచన అంత పాతది.

గాజు, అట్టపెట్టె, బట్ట మీద ఈ ట్యాగ్ హాయిగా పనిచేస్తుంది. చిక్కంతా ఇనుము, నీళ్లు, వేడి దగ్గరే.

బట్టలారేసే తాడు

మామూలు ట్యాగ్‌ను ఇనప ముక్కకు అంటిస్తే ఎందుకు పలకదు? పెరట్లో బట్టలారేసే తాడును గుర్తు చేసుకోండి. ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని ఊపితే అల వెళ్లి స్తంభానికి తగిలి తలకిందులై వెనక్కి వస్తుంది. కట్టిన ముడి దగ్గర మాత్రం తాడు దాదాపు కదలదు. రేడియో తరంగానికి ఇనుము ఆ స్తంభం లాంటిది. వచ్చిన తరంగం, తిరిగి వెళ్లే తరంగం లోహం ఉపరితలం దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగ్గా ఆ కదలిక లేని చోట ట్యాగ్ అంటించి కరెంటు పట్టుకో అంటే ఎక్కడి నుంచి పడుతుంది?

ఎడం ఇస్తే పలుకుతుంది. ఈ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో ట్యాగ్ పెడితే బాగానే పనిచేస్తుంది. కానీ రెంచి మీద జానెడు ఎత్తున ట్యాగ్ నిలబెడితే దాంతో బోల్టు ఎవరు బిగిస్తారు?

నీళ్లది ఇంకో రకం తంటా. అవి తరంగాన్ని తాగేస్తాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి మామూలు ట్యాగ్‌ను పిడికిట్లో మూసి పట్టుకున్నా రీడర్‌కు కనబడకపోవచ్చు.

2003లో అమెరికా వ్యాపార సంస్థ వాల్‌మార్ట్ తనకు సరుకు పంపే 100 పెద్ద కంపెనీలు 2005 జనవరికల్లా పెట్టెలకు ఈ ట్యాగులు అంటించాలని చెప్పింది. ప్రపంచమంతా ఆర్‌ఎఫ్‌ఐడీ పేరు మారుమోగింది అప్పుడే. డబ్బా సరుకులు, సీసాల్లోని ద్రవాల దగ్గరికి వచ్చేసరికి ట్యాగులు సరిగ్గా చదవబడక తల బొప్పి కట్టింది. కాగితం ట్యాగ్ ధర ఎంత తగ్గిందన్న లెక్కే అందరూ చూశారు. చదవబడని ట్యాగ్ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో లెక్క వెయ్యలేదు.

శత్రువునే చుట్టం చేసుకున్నారు

ఇక్కడే ఓమ్ని-ఐడీ అనే కంపెనీ కథ వస్తుంది. బ్రిటన్ రక్షణ శాఖ పరిశోధన విభాగం నుంచి 2001లో క్వినెటిక్ అనే సంస్థ పుట్టింది. లోహపు పొరల మధ్య రేడియో తరంగాలు ఎలా ప్రవర్తిస్తాయో అక్కడి శాస్త్రవేత్తలు చేసిన పని ఆధారంగా 2007లో ఓమ్ని-ఐడీ వేరు పడింది. మామూలు ట్యాగులు చచ్చిపోయే చోట పనిచేసే ట్యాగులు తయారు చెయ్యడమే దాని వ్యాపారం. 2021లో దీన్ని హెచ్‌ఐడీ గ్లోబల్ కొనేసింది. ఆఫీసుల్లో తలుపులు తెరిచే కార్డుల కంపెనీ అదే. దాని యజమాని స్వీడన్‌లోని తాళాల కంపెనీ అస్సా అబ్లాయ్.

వాళ్లు చేసింది చెబితే తేలిగ్గానే ఉంటుంది. ఇనుము నుంచి పారిపోవడం మానేసి, ట్యాగ్ లోపలే లోహం పెట్టుకున్నారు. కింద ఒక లోహపు పొర, పైన ఒక లోహపు పొర, మధ్యలో కరెంటు పారని పల్చటి పదార్థం. పై పొరలో సన్నటి చీలిక. ఖాళీ సీసా మూతి మీద ఊదితే లోపలి గాలి మోగుతుంది కదా, అలాగే బయటి తరంగం ఆ చీలికలోంచి దూరి రెండు పొరల మధ్య మోగుతుంది. దాని బలమంతా చీలిక అంచు దగ్గర పోగవుతుంది. చిప్‌ను అక్కడే కూర్చోబెడతారు. జానెడు ఎడం అక్కర్లేదు, కొన్ని మిల్లీమీటర్ల మందం చాలు. కింది పొర ఎలాగూ లోహమే కాబట్టి దాని వెనకాల ఇనుము ఉన్నా నీళ్ల డ్రమ్ము ఉన్నా ట్యాగ్‌కు పెద్దగా తేడా రాదు.

నాకు బాగా నచ్చింది ఇదే. గొప్పదనం చిప్‌లో లేదు. చిప్ అందరూ కొనే చిప్పే. చిప్ చుట్టూ కట్టిన ఇల్లు వేరు.

ఆ ఇంటికి ఇంకా చాలా పరీక్షలు ఉంటాయి. ఆపరేషన్ థియేటర్ సంగతి చూడండి. కత్తులు, కత్తెరలను 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో పెట్టి క్రిములు చంపుతారు. మామూలు చిప్ 85 డిగ్రీల వరకు పనిచేసేలా చేస్తారు. పైగా చిప్‌లోని నంబరు చిన్న విద్యుత్ ఆవేశం రూపంలో నిల్వ ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ అది త్వరగా కారిపోతుంది. ఇంకో దెబ్బ కూడా ఉంది. వేడికి ప్లాస్టిక్ ఒక లెక్కన, లోహం ఒక లెక్కన సాగుతాయి. పదే పదే వేడి, చల్లన అయితే చిప్‌కూ యాంటెన్నాకూ మధ్య అతుకు ఊడుతుంది. అందుకే ఇలాంటి ట్యాగ్ కొనేవాళ్లు ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది అని అడిగి ఊరుకోకూడదు, ఎన్నిసార్లు తట్టుకుంటుంది అని అడగాలి. ఈ పనికి పింగాణీ లాంటి సెరామిక్ ట్యాగులు వాడతారు. ఓమ్ని-ఐడీ ఫిట్ పేరుతో తెచ్చిన చిన్న ట్యాగులు పనిముట్లకు అమర్చడానికి చేసినవే. ఆరుబయట పడి ఉండే పెద్ద సామానుకు డ్యూరా అని వేరే రకం ఉంది.

గల్ఫ్‌లో అయితే దుమ్ము, ఎండ, గ్యాస్. గ్యాస్ ఉండే చోట ట్యాగ్‌లో బ్యాటరీ లేకపోవడం మేలే. కానీ పైన ఉండే ప్లాస్టిక్ తొడుగుకు రాపిడితో స్థిర విద్యుత్ చేరి చిటుక్కుమన్నా ప్రమాదమే. అందుకే అలాంటి చోట వాడే సామానుకు ఏటెక్స్, ఐఈసీఈఎక్స్ అనే ధ్రువీకరణలు అడుగుతారు. నీళ్లలో మునిగినా చెడదని చెప్పడానికి ఐపీ68, వేడి నీళ్లు జోరుగా కొట్టి కడిగినా తట్టుకుంటుందని చెప్పడానికి ఐపీ69కే అనే గుర్తులు ఉంటాయి. ఇంత చేశాక కూడా చాలాసార్లు ఓడిపోయేది ట్యాగ్ కాదు, దాన్ని అంటించిన జిగురు. అందుకే రివెట్ కొట్టడం, స్టీలు పట్టీతో బిగించడం చేస్తారు.

మన రైల్వే కూడా ఈ దారిలోనే ఉంది. వ్యాగన్లకు, బోగీలకు ట్యాగులు పెట్టి, పట్టాల పక్కన రీడర్లు ఉంచి, ఏ వ్యాగన్ ఎక్కడ దాటిందో తెలుసుకునే పనిని రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ చూస్తోంది. నిలువెల్లా ఇనుము, వేసవిలో మన ఎండలు, బొగ్గు దుమ్ము, ఆగకుండా కుదుపు. ఇంతకన్నా కష్టమైన కాపురం ట్యాగ్‌కు ఎక్కడ దొరుకుతుంది?

లెక్క ఎవరి పద్దులో?

నేను బీకామ్ చదివినదాన్ని. నాకు ముందు ధరే కనబడుతుంది. పెద్ద ఎత్తున కొంటే కాగితం ట్యాగ్ కొన్ని రూపాయలే. ఇనుము మీద పనిచేసే గట్టి ట్యాగ్ వందల రూపాయలు, వేడిని తట్టుకునేదైతే ఇంకా ఎక్కువ. పది వేల పనిముట్లున్న స్టోర్‌కు ఈ తేడా లక్షల్లోకి పోతుంది. కాబట్టి చవక దానితో సరిపెట్టాలని కాంట్రాక్టర్‌కు అనిపించడం వింతేమీ కాదు.

కానీ ఒక సంగతి ఉంది. రీడర్‌కు తెలిసేది ‘ట్యాగ్ పలికింది’ అన్న ఒక్క విషయమే. పలకకపోతే వస్తువు అక్కడ లేదో, ఉండి పలకలేదో దానికి తెలియదు. కంప్యూటర్ మాత్రం రెండింటినీ కలిపి ‘వాపసు రాలేదు’ అని రాసేస్తుంది. ఆ ఖాళీలో పక్కన ఉండేది కార్మికుడి పేరు. ట్యాగ్‌లో మిగిల్చుకున్న వందలు కంపెనీ పద్దులో పొదుపుగా కనబడతాయి. ట్యాగ్ తప్పితే పడే వేలు మామూ లాంటివాళ్ల పేస్లిప్‌లో కనబడతాయి.

మామూ విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. ఎంత ఖరీదైన ట్యాగ్ అయినా మూసిన ఇనప పెట్టెలో ఉంటే పలకదు. వెనకాల ఇనుము ఉంటే ఓమ్ని-ఐడీ లాంటి ట్యాగ్ నెగ్గుకొస్తుంది, చుట్టూ ఇనుమే ఉంటే తరంగం లోపలికే రాదు. పెట్టె మూత తెరిచి రీడర్ ముందు పెట్టాలన్న నియమం ఆ స్టోర్‌లో ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు.

సౌదీ కార్మిక చట్టం 91వ నిబంధన ప్రకారం, కార్మికుడి తప్పుతో పోయిన సామాను విలువను జీతంలోంచి కోయవచ్చు గానీ నెలకు ఐదు రోజుల జీతం మించి కోయకూడదు. ఆ నింద మీద అభ్యంతరం చెప్పుకునే హక్కు కూడా అందులోనే ఉంది. మామూకు కోత సంగతి తెలిసింది, అభ్యంతరం సంగతి తెలియలేదు. మీ ఇళ్లలో ఎవరైనా అక్కడ ఉంటే ఈ సంగతి వాళ్ల చెవిన వెయ్యండి.

పని చోట ట్యాగులు వాడుతుంటే కొన్ని జాగ్రత్తలు మన చేతిలోనే ఉన్నాయి. ట్యాగ్ మీద పెయింట్ పడనివ్వకండి, లోహపు పొడి కలిసిన సిల్వర్ పెయింట్ అయితే మరీ చెడ్డది. సామాను అప్పజెప్పేటప్పుడు ట్యాగ్ ఉన్న వైపు బయటికి కనబడేలా పెట్టి, చేతితో కప్పకుండా ఒక్కొక్కటి చూపించండి. ట్యాగ్ పగిలినా ఊడినా ఆ రోజే చెప్పి రాయించుకోండి. ఫాస్టాగ్‌కూ ఇదే వర్తిస్తుంది. లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ వెనక అంటించి, గేటు తెరుచుకోవడం లేదని టోల్ పిల్లాడితో గొడవ పడితే లాభం లేదు.

సెలవు అయిపోయి మామూ మళ్లీ వెళ్లిపోయారు. ఇప్పుడు టూల్ రూమ్‌లో సామాను ఇచ్చాక స్క్రీన్ మీద తన పేరు ఎదురుగా అన్నీ పచ్చగా మారేదాకా కౌంటర్ దగ్గరే నిలబడుతున్నారట. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు విసుక్కుంటారట. "ఐదు నిమిషాలు విసుక్కోనీ బేటీ, నాకు ఐదు రోజుల జీతం" అన్నారు ఫోన్‌లో.