తల్లి నష్టమే తొలి పాఠం.. మదుపు శాస్త్రానికి బాటవేసిన గ్రాహం

షేరు అంటే ఉదయం ఒక ధర, సాయంత్రం మరో ధర పలికే కాగితం కాదు. అది ఒక వ్యాపారంలో మనకున్న వాటా. నేడు మదుపు గురించి చెప్పేవారందరి నోటా వినిపించే ఈ మాటకు శాస్త్ర రూపం ఇచ్చిన పరిశోధకుడు, రచయిత బెంజమిన్ గ్రాహం. ఆయన సూత్రాలు కేవలం తరగతి గదిలో పుట్టినవి కావు. స్వయంగా చవిచూసిన నష్టాల నుంచి పుట్టినవి.

బాల్యంలోనే కష్టాలు

గ్రాహం 1894 మే 9న లండన్‌లో జన్మించారు. ఏడాది వయసులోనే ఆయన కుటుంబం న్యూయార్క్‌కు తరలివెళ్లింది. 1903లో తండ్రి మరణించడంతో పింగాణీ వస్తువుల వ్యాపారం మూతపడింది. ముగ్గురు కుమారులను పోషించేందుకు నానా పాట్లు పడిన తల్లి అప్పుపై షేర్లు కొన్నారు. 1907లో మార్కెట్‌ కుప్పకూలగా ఆ సొమ్మంతా తుడిచిపెట్టుకుపోయింది.

చదువులో మేటి అయిన గ్రాహం 1914లో కొలంబియా నుంచి పట్టభద్రులయ్యారు. ఆంగ్లం, తత్వశాస్త్రం, గణితం.. మూడు విభాగాలూ అధ్యాపకుడిగా రమ్మని ఆహ్వానించాయి. కుటుంబ అవసరాల దృష్ట్యా ఆయన వాల్‌స్ట్రీట్‌ బ్రోకరేజీ సంస్థలో వారానికి 12 డాలర్ల జీతానికి చేరారు.

నివేదికల్లో దొరికిన నిధి

ఆ రోజుల్లో షేర్ల కొనుగోళ్లు ఎక్కువగా పుకార్లపైనే సాగేవి. గ్రాహం మాత్రం లెక్కల పత్రాలు చదివారు. 1926లో నార్తర్న్‌ పైప్‌లైన్‌ అనే చమురు రవాణా కంపెనీ ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలను వాషింగ్టన్‌ వెళ్లి పరిశీలించారు. షేరు ధర 65 డాలర్లు పలుకుతుండగా, ఒక్కో షేరుకు దాదాపు 95 డాలర్ల విలువైన బాండ్లు, ఇతర ఆస్తులు కంపెనీ వద్ద ఊరకే పడి ఉన్నట్లు తేలింది. అదనపు సొమ్మును వాటాదారులకు పంచాలన్న ఆయన కోరికను యాజమాన్యం తోసిపుచ్చింది. వాటాదారుల మద్దతు కూడగట్టి 1928లో ఆయన డైరెక్టర్ల మండలిలో స్థానం సంపాదించారు. చివరకు కంపెనీ షేరుకు 70 డాలర్ల చొప్పున పంచింది.

ఓటమి నుంచి గ్రంథం

అంతటి పరిశోధకుడినీ 1929 పతనం వదలలేదు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడం ఆయన్నూ దెబ్బతీసింది. 1932 నాటికి ఆయన నిర్వహించే నిధి సుమారు 70 శాతం హరించుకుపోయింది. నష్టం పూడే వరకు నిర్వాహకులకు ప్రతిఫలం దక్కని ఒప్పందం కావడంతో కొన్నేళ్లు నిధి నుంచి పైసా తీసుకోకుండా శ్రమించారు. పాఠాలు చెబుతూ, వ్యాసాలు రాస్తూ కుటుంబాన్ని నెట్టుకొచ్చారు.

ఈ అనుభవాల నుంచే 1934లో డేవిడ్‌ డాడ్‌తో కలసి ‘సెక్యూరిటీ అనాలిసిస్‌’ గ్రంథాన్ని వెలువరించారు. సామాన్యుల కోసం 1949లో ‘ది ఇంటెలిజెంట్‌ ఇన్వెస్టర్‌’ రాశారు. మార్కెట్‌ను ఆయన చపలచిత్తుడైన వ్యాపార భాగస్వామితో పోల్చారు. ఆ భాగస్వామి రోజుకో ధర చెబుతాడు. నచ్చితే తీసుకోవచ్చు, లేకుంటే పట్టించుకోనక్కర్లేదు. రెండో సూత్రం భద్రతకు తగిన ఎడం. నూరు రూపాయల విలువ చేస్తుందని లెక్కగట్టిన షేరును 95కు కాక 65కు కొంటే, మన అంచనా కొంత తప్పినా నష్టభయం తగ్గుతుంది.

కంపెనీల విశ్లేషకులకు వైద్యులు, న్యాయవాదుల మాదిరిగా అర్హత పరీక్ష ఉండాలని ఆయన 1940ల్లోనే వాదించారు. ఆ తరహా తొలి సీఎఫ్‌ఏ పరీక్ష 1963లో జరిగింది. కొలంబియాలో ఆయన శిష్యుడైన వారెన్‌ బఫెట్‌ తర్వాత ఆయన సంస్థలోనే ఉద్యోగం చేశారు. గ్రాహం 1976 సెప్టెంబరు 21న ఫ్రాన్స్‌లో కన్నుమూశారు.

మనకేమి పాఠం?

లెక్కల పత్రాలే అబద్ధమైతే? తెలుగువారికి ఈ ప్రశ్న కొత్త కాదు. 2009 జనవరి 7న హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్‌ ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఛైర్మనే అంగీకరించారు. ఆ ఒక్కరోజే షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. అందుకే పెట్టుబడిని ఒక్కచోటే పెట్టరాదని, 10 నుంచి 30 కంపెనీలకు విస్తరించాలని గ్రాహం సూచించారు. మొత్తం సొమ్ములో కనీసం పావు వంతు భద్రమైన బాండ్లలో ఉండాలన్నారు.

నేడు చేతిలోని ఫోన్‌తోనే క్షణాల్లో లావాదేవీలు సాగుతున్నాయి. ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి మూడేళ్లలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ 2024లో వెల్లడించింది. క్షుణ్ణంగా పరిశీలించి, అసలుకు భద్రత, సముచితమైన రాబడి చూసుకుని చేసేదే మదుపు, మిగిలినదంతా స్పెక్యులేషనేనని గ్రాహం 1934లోనే గీత గీశారు. ఎవరో చెప్పిన ‘టిప్‌’ నమ్మి కష్టార్జితాన్ని పెట్టేముందు, తాను గీతకు ఏ పక్కన ఉన్నాడో మదుపరి తనను తానే ప్రశ్నించుకోవాలి.