పేరులేని ముఖములు

1838వ సంవత్సరమున డాగెర్ అను ఫ్రెంచి చిత్రకారుడు పారిస్ నగరమందలి యొక వీథిని తన మేడకిటికీనుండి ఛాయాచిత్రముగా దీసెను. ఆ కాలమున పలకపై బొమ్మ పడుటకు గొన్ని నిమిషములు పట్టెడిది. అందుచే పరువులిడు బండ్లుగాని, నడచిపోవు జనులుగాని యందు గానరారు. బూటునకు మెరుగు పెట్టించుకొనుటకై కదలక నిలిచిన యొకడును, వాని పాదములచెంతనున్న పనివాడును మాత్రమే చిక్కిరి. ఛాయాచిత్రమున కెక్కిన మొదటి మనుష్యులు వీరేయని చెప్పుదురు. వారు రాజులును కారు, సేనానులును కారు. వారి పేర్లు నేటికిని ఎవ్వరికిని దెలియవు.

మన మేమరినచో మన యిండ్ల గోడలపైనున్న పటములగతియు నింతియే. అందలి ముఖముల నెరిగిన వృద్ధులు మనయింట నింకను గలరు. పాఠకులారా! నేడే పటమును దింపి, వారి నడిగి, పేరును, ఊరును, సంవత్సరమును వెనుకవైపున మెల్లగా పెన్సిలుతో వ్రాసియుంచుడు. వారు పోయినపిమ్మట నడుగుటకు మనకెవ్వరును మిగులరు.