బ్రౌన్ దొర బంగ్లాకు దీపం పెట్టిన పంతులు

తెలుగు నిఘంటువు పేరు చెబితే బ్రౌన్ గుర్తొస్తాడు. బ్రౌన్ పేరు చెబితే కడప గుర్తు రావాలి. అలా గుర్తుండేలా చేసిన మనిషి ఓ ఇంగ్లిషు లెక్చరరు. ఆయనే... జానమద్ది హనుమచ్ఛాస్త్రి.

కడపలోని ఎర్రముక్కపల్లెలో ఒకప్పుడు కూలిన గోడలు, పిచ్చిచెట్లు ఉండేవి. దారిన పోయేవాళ్లకు అది ఏదో పాత కొంప. నిజానికి తెలుగు పుస్తకం ఊపిరి పోసుకున్న చోట్లలో అదొకటి!

1820లో కలెక్టరు దగ్గర సహాయకుడిగా కడప వచ్చాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. తర్వాత ఇక్కడే బంగ్లా కొన్నాడు. పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఊరూరా తాటాకు ప్రతులు తెప్పించడం, ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చడం, తప్పులు దిద్దడం, కాగితం మీద శుద్ధప్రతి రాయించడం... ఇదీ అక్కడ జరిగిన పని. ఆ పనికి అయోధ్యాపురం కృష్ణారెడ్డి పెద్ద దిక్కు. ఖర్చంతా బ్రౌన్ జేబులోంచే. చాలనప్పుడు అప్పులు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు చేరాయి. ఆయన లండన్ వెళ్లిపోయాడు. బంగ్లా మాత్రం ఎండకూ వానకూ మిగిలిపోయింది.

కడప వాడు కాదు, కడప కోసం...

హనుమచ్ఛాస్త్రి 1926లో పుట్టారు. అనంతపురం జిల్లా రాయదుర్గం మనిషి. చెప్పిన పాఠం ఇంగ్లిషు, రాసింది తెలుగు. కన్నడమూ బాగా వచ్చు. 'మా సీమ కవులు' పుస్తకంతో రాయలసీమ సాహిత్యకారులను ఒకచోట చేర్చారు. జిల్లా రచయితల సంఘం బాధ్యతలు మోశారు. ఇవన్నీ ఒక ఎత్తు. బ్రౌన్ ఇల్లు ఒక ఎత్తు.

అరవై ఏళ్ల వయసంటే మామూలుగా పింఛను, పడక కుర్చీ. ఆయనకు అది చందా పుస్తకం పట్టుకుని తిరిగే వయసయింది. కరువు జిల్లాలో గుడికి అడిగితే ఇస్తారు, అన్నదానానికి అడిగితే ఇస్తారు. తెల్లదొర పేరు మీద లైబ్రరీకి చందా అంటే? చెప్పి ఒప్పించాలి. ఒకసారి కాదు, ఇంటింటికీ. ఆ స్థలం యజమాని సి.కె. సంపత్ కుమార్ స్థలం ఇచ్చారు. 1987లో శంకుస్థాపన జరిగింది. నిధులు వచ్చినప్పుడు గోడ లేచింది, రానప్పుడు ఆగింది. తలుపులు తెరుచుకునేసరికి తొంభైల నడిమికి వచ్చేసింది కాలం. ఊళ్లో ఆయన్ను 'బ్రౌన్ శాస్త్రి' అన్నారంటే ఆశ్చర్యమేముంది!

కర్నూలు సంగతి చూడండి. శ్రీశైలం జలాశయంలో మునిగే రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. రాతికి ప్రభుత్వం ఉంది, ఇంజినీర్లున్నారు. కాగితానికి? చాలాసార్లు ఓ రిటైర్డ్ పంతులే దిక్కు.

2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ లైబ్రరీ దాని గొడుగు కిందికి వెళ్లి, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది. చేతులతో పెంచిన సంస్థను అప్పగించడం సులువేం కాదు. కానీ చందాలతో భవనం కట్టొచ్చు గానీ, నెలనెలా జీతాలు, పుస్తకాల సంరక్షణ ఎన్నాళ్లని నడుస్తాయి? ఆ నిర్ణయమే సరైందని నాకనిపిస్తుంది. శాస్త్రిగారు 2014లో కన్నుమూశారు.

మీ ఊరుందేమో చూసుకోండి!

అక్కడి నుంచి వచ్చిన పనుల్లో అన్నిటికన్నా రుచికరమైనది 'కడప జిల్లా కైఫీయతులు'. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ మనుషులు పల్లెలు తిరిగి, కరణాల దగ్గర, పెద్దల దగ్గర రాయించుకున్న ఊళ్ల కథలివి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఏం చేశాడు, గుడి మాన్యం ఎంత... అన్నీ ఉంటాయి. ఆ పాత రాతను విడమర్చి, సంపుటాలుగా అచ్చుకు సిద్ధం చేసిన కట్టా నరసింహులు కూడా తెలుగు పాఠాలు చెప్పిన మాస్టారే. 2021లో ఆయనా వెళ్లిపోయారు.

మీది కడప జిల్లా అయితే, ఆ సంపుటాలు తీసి మీ ఊరి పేరు వెతకండి. తాత చెప్పిన కథ ఒకటి, కైఫీయతులో ఉన్నది ఇంకొకటి కావచ్చు. రెండూ రాసి పెట్టుకోండి.