పడుగు ఒక రంగు, పేక ఒక రంగు

దివ్య ఖుర్‌ఆన్‌లోని రూమ్ సూరా 22వ ఆయత్‌లో అల్లాహ్ తన శక్తికి నిదర్శనాలను పేర్కొంటూ, భూమ్యాకాశాల సృష్టిని ప్రస్తావించిన వెంటనే రెండు విషయాలను ఒకేచోట చేర్చాడు. ఒకటి మానవుల భాషలలోని వైవిధ్యం, రెండవది వారి వర్ణాలలోని వైవిధ్యం. జ్ఞానం గలవారికి వీటిలో సూచనలున్నాయని ఆ ఆయత్ ముగుస్తుంది. వ్యాఖ్యాతలు ఇక్కడి వర్ణాలను ప్రధానంగా మనుషుల మేనిచాయలుగా వివరించారు. అయితే భాషనూ రంగునూ పక్కపక్కన నిలిపిన ఈ కూర్పు గురించి ఇటీవల మేము మరికొంత ఆలోచించవలసి వచ్చింది. మా సాయంకాల తరగతులలో చదువుకునే ఒక విద్యార్థిని నోటుపుస్తకం అందుకు కారణం.

ఆ అమ్మాయి మంగళగిరికి చెందిన నూర్‌బాషా కుటుంబంలో పుట్టింది. ఆమె తాతగారు దూదిని విల్లుతో ఏకి పరుపులు కుట్టి జీవించారు. ఇంటి పక్కనే ఒక నేత కుటుంబం ఉంది. వేసవి సెలవులలో ఆ ఇంటి పెద్దమ్మ దగ్గర కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టడం అమ్మాయికి అలవాటయింది. చూసినదాన్ని రాసుకోవడానికి నోటుపుస్తకంలో ప్రతి పుటనూ రెండుగా విభజించింది. ఎడమవైపు రంగులను గురించి తెలుసుకున్నది, కుడివైపు కొత్తగా నేర్చిన మాట. ఆ మాటలు కొన్ని మగ్గానివి, కొన్ని మా తరగతిలో విన్న అరబీ మాటలు, కొన్ని బంధువుల ఇళ్లలో విన్న ఉర్దూ మాటలు. ఆమె అనుమతితో, ఆమె తల్లిదండ్రుల అనుమతితో, అందులోని కొన్ని విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము.

పొరుగును బట్టి రంగు

మంగళగిరి నేత సంగతి మన జిల్లాల పాఠకులకు తెలియనిది కాదు. గుంట మగ్గం మీద నేసే నూలు బట్ట, చాలావరకు బుటాలు లేని సాదా ఒడలు, జరీ అంచు, ఆ అంచులలో ప్రసిద్ధమైన నిజాం అంచు. ఒడలిలో చిత్రాలేవీ లేనప్పుడు చీర అందమంతా రంగుల పొందిక మీదనే ఆధారపడుతుంది. పడుగుకు ఏ రంగు, పేకకు ఏ రంగు, అంచుకు ఏ రంగు అన్నది నిర్ణయించేటప్పుడే చీర సగం తయారైనట్లు.

అమ్మాయి ఒకచోట ఇలా రాసుకుంది: "ఎర్ర పడుగులో నీలం పేక వేస్తే దూరానికి వంగపండు రంగు. దగ్గరకు వెళితే రెండు రంగులూ వేటికవే ఉన్నాయి." నాలుగు రోజుల తర్వాత మరొక మాట: "ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు పెడితే రెండూ మెరిశాయి. అదే ఆకుపచ్చను ఎర్ర పడుగులో పేకగా నేస్తే మట్టి రంగు వచ్చింది. రంగులు అవే. ఎందుకిలా?"

ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన వారిలో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు మిషెల్ యూజీన్ షెవ్రూల్ ముఖ్యుడు. ఆయన 1824లో పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకపు విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ అద్దిన నల్ల ఉన్ని వెలవెలబోతోందని, నీలం, ఊదా రంగుల వస్త్రాలలో నీడల కోసం వాడితే నలుపుగా కనిపించడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలం, ఊదా రంగులే ఆ నలుపును మన కంటికి వేరుగా చూపుతున్నాయి. ఈ పరిశీలన నుంచి వెలువడిన ఆయన గ్రంథం 1839లో ప్రచురితమైంది. ప్రతి రంగూ తన పొరుగు రంగును తనకు ఎదురు రంగు వైపు నెడుతుందన్నది దాని సారం. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, నీలానికి ఎదురు నారింజ, పసుపుకు ఎదురు ఊదా. అందుకే ఎర్ర చీర పక్కన ఆకుపచ్చ అంచు మరింత పచ్చగా, చీర మరింత ఎర్రగా కనిపిస్తాయి.

మరి అవే రంగులు పడుగుపేకలుగా కలిస్తే మట్టి రంగు ఎందుకు? పోగులు సన్నగా ఉండడం వల్ల కొంత దూరం నుంచి చూసే కన్ను వాటిని విడదీయలేదు, రెంటినీ కలిపి ఒకే రంగుగా గ్రహిస్తుంది. ఎదురు రంగులు అలా కలిసినప్పుడు ఒకదాని తేజస్సును మరొకటి హరిస్తుంది. ఎరుపు, నీలం వంటివి కలిస్తే రెంటికీ నడుమ ఉన్న కొత్త రంగు పుడుతుంది. పట్టులోనైతే బట్ట కదిలినప్పుడల్లా ఒకసారి పడుగు రంగు, ఒకసారి పేక రంగు తళుక్కుమంటాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అటువంటి బట్టను 'ధూప్ ఛావ్' అంటారు, అంటే ఎండా నీడా.

ఈ పరిశీలనకు ఇంకా పాత మూలాలున్నాయి. క్రీ.శ. 965లో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ తన దృష్టిశాస్త్ర గ్రంథం 'కితాబుల్ మనాజిర్'లో తిరిగే బొంగరాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. బొంగరం మీద వేరువేరు రంగుల గీతలు గీసి వేగంగా తిప్పితే కంటికి గీతలు కనిపించవు, అన్నీ కలిసిన ఒకే రంగు కనిపిస్తుంది. రంగును గుర్తించడానికి కంటికి కొంత వ్యవధి కావాలని ఆయన దీని నుంచి గ్రహించాడు. ఈ సంగతి తరగతిలో చెప్పిన మరునాడు పిల్లలు నాలుగు బొంగరాలకు రంగులు పూసి తీసుకువచ్చారు. ఆ రోజు పాఠం వరండాలోనే జరిగింది.

పేరు తెలిసిన రంగు

నోటుపుస్తకం కుడివైపున మొదటి ప్రశ్న మమ్మల్ని నవ్వించింది, ఆ తర్వాత ఆలోచింపజేసింది. బఖరా సూరా 69వ ఆయత్‌లో బనీ ఇస్రాయీల్‌కు ఆదేశించిన ఆవు రంగు ప్రస్తావన ఉంది. తరగతిలో ఎవరో దానిని 'పచ్చని ఆవు' అని చెప్పారు. "ఉస్తాద్ గారూ, ఆకుల రంగు ఆవు ఉంటుందా?" అన్నది అమ్మాయి సందేహం.

తెలుగులో 'పచ్చ' అనే మాట రెండు రంగులనూ మోస్తుంది. పచ్చగడ్డిలోని పచ్చ ఒకటి, పచ్చకామెర్లలోని పచ్చ వేరొకటి. అందువల్లనే ఒకదానిని ఆకుపచ్చ అనీ, మరొకదానిని పసుపుపచ్చ అనీ విడదీసి చెప్పుకోవలసి వచ్చింది. అరబీలో ఆ ఆవు వర్ణం 'సఫ్రా', అంటే పసుపు. దాని పక్కన 'ఫాఖిఅ్' అనే మరో మాట ఉంది. పసుపు నిండుగా, గాఢంగా, చూపరులకు ఆహ్లాదం కలిగించేలా ఉన్నప్పుడు వాడే మాట అది. అరబీలో ఒక్కొక్క రంగు గాఢతకు ఒక్కొక్క మాట ఇలా జతగా ఉంటుంది. ఫాతిర్ సూరా 27వ ఆయత్‌లో కొండల చారలను వర్ణించేటప్పుడు కటిక నలుపుకు 'గరాబీబ్' అనే మాట వచ్చింది. రహ్మాన్ సూరా 64వ ఆయత్ మొత్తం ఒకే ఒక్క పదం, 'ముద్‌హామ్మతాన్'. దట్టమైన పచ్చదనం వల్ల నల్లబారినట్లు కనిపించే రెండు ఉద్యానవనాలు అని దాని భావం. కృష్ణా కాలువల కింద ఏపుగా పెరిగిన వరిచేనును మబ్బు పట్టిన వేళ చూసినవారికి ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మన తెలుగు మాత్రం ఇందుకు తక్కువదా? మగ్గం పక్కన పెద్దమ్మ చెప్పిన పేర్లను అమ్మాయి వరుసగా రాసింది: చిలకపచ్చ, మామిడిచిగురు, ఉల్లిపొర, వంగపండు, నెమలికంఠం, కనకాంబరం, ఇటుక, మెంతి. వాటి కింద ఒక వాక్యం ఉంది: "ఉల్లిపొర అనే పేరు వినకముందు దానిని గులాబీ అనుకున్నాను. ఇప్పుడు రెండూ వేరని కనిపిస్తోంది." ఈ వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఆదమ్ (అ)కు అల్లాహ్ మొట్టమొదట నేర్పినది పేర్లే అని బఖరా సూరా 31వ ఆయత్ తెలుపుతుంది. పేరు తెలియడం జ్ఞానానికి తొలిమెట్టు ఎందుకయిందో ఈ పసిపిల్ల మాటలో స్పష్టమవుతున్నది.

మాటల ప్రయాణం

రంగుల పేర్లకు పొలిమేరలు లేవు. జరీ అన్న మాట ఫార్సీలో బంగారాన్ని తెలిపే 'జర్' నుంచి వచ్చింది. గులాబీ ఫార్సీ, ఖాకీ కూడా ఫార్సీ, అంటే మట్టి రంగు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ పేరులో ఉన్నది అరబీ, ఫార్సీలకు ఉమ్మడి మాటయిన కలం. అటునుంచి ఇటు వచ్చినట్లే ఇటునుంచి అటూ వెళ్లాయి. సంస్కృతపు 'నీలం' అరబీలో 'నీల్' అయింది. నీలిమందును 'అన్నీల్' అన్నారు. పోర్చుగీసు వారు దానిని 'అనీల్' అన్నారు. 19వ శతాబ్దిలో నీలిమందు నుంచి తీసిన ఒక రసాయనానికి జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ మాటతోనే 'అనిలిన్' అని పేరు పెట్టారు. 1856లో విలియం పెర్కిన్ అనే ఆంగ్లేయ యువకుడు అనిలిన్‌తో ప్రయోగం చేస్తూ కృత్రిమమైన ఊదా రంగును కనుగొన్నాడు. నేటి కృత్రిమ అద్దకపు పరిశ్రమకు అది నాంది. కరక్కాయ, పటిక, నీలిమందులతో సాగిన పాత అద్దకం అటుపిమ్మట క్రమంగా వెనుకబడింది. ఒక్క మాట వెంట నడిస్తే ఇన్ని దేశాలు, ఇన్ని వృత్తులు కనిపిస్తాయి.

ఖాళీగా వదిలిన గడి

నోటుపుస్తకంలో ఒక పుటలో కుడివైపున 'పింజారి' అన్న మాట ఉంది. అర్థం రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఆ తేదీ తర్వాత ఎనిమిది రోజులు అమ్మాయి తరగతికి రాలేదు.

విచారిస్తే తెలిసిన సంగతి ఇది. ఒక శుభకార్యంలో బంధువు ఒకరు ఆమెను 'ఉర్దూ రాని ఇంటి పిల్ల' అన్నారు. తోటి పిల్ల ఒకతె ఈ మాట అన్నది. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు దీన్‌లో ఒక మెట్టు తక్కువ అన్న భావం మన సమాజంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల వారికి మేము చెప్పనవసరం లేదు. అటు ఉర్దూ రాదని వీరు, ఇటు పేరు చూసి వారు! ఇద్దరి నడుమ ఆ పిల్ల ఏ భాషలో తల ఎత్తుకోవాలి?

ఆమె తిరిగి వచ్చిన రోజు తరగతికంతటికీ ఒక విషయం చెప్పాము. పింజారి అంటే దూదిని ఏకేవాడు. అది నిజాయితీ గల ఒక వృత్తి పేరు, దానిని తిట్టుగా మార్చింది లోకం. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల కుటుంబీకులే. బుర్రకథకు తెలుగునాట అంతటి కీర్తి తెచ్చిన ఆయనను 1986లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. ఆయన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. లోకం విసిరిన రాయిని ఆయన గుమ్మానికి గడపగా పరచుకున్నాడు. ఇక హుజురాత్ సూరా 11వ ఆయత్ ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలవడాన్ని స్పష్టంగా నిషేధించింది. హజ్ సందర్భంగా చేసిన అంతిమ ప్రసంగంలో ప్రవక్త (స) అరబ్బుకు అరబ్బేతరునిపై గానీ, ఒక వర్ణం వారికి మరో వర్ణం వారిపై గానీ ఆధిక్యం లేదని, ఉంటే అది దైవభీతి వల్లనేనని ప్రకటించారు. భాష, రంగు అన్న ఆ రెండు సూచనలనే మనం తక్కెడలుగా మార్చుకుని మనుషులను తూచడం ఎంత విపరీతం!

మరునాడు ఆ ఖాళీ గడి నిండింది: "పింజారి: దూదిని ఏకేవాడు. దూది ఏకకపోతే నూలు లేదు. నూలు లేకపోతే పడుగూ లేదు, పేకా లేదు." మేము చెప్పినదాని కన్నా ఆమె రాసుకున్నదే మేలుగా ఉన్నది.

తల్లిదండ్రులతో ఒక మాట

పక్కింటి మగ్గం ఎంతకాలం ఆడుతుందో తెలియదు. పెద్దమ్మ కుమారులిద్దరూ వేరే పనులలో స్థిరపడ్డారు. ఆ మగ్గం ఆగితే పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు అన్న మాటలు ఆ వీధి పిల్లలకు పుస్తకాల మాటలవుతాయి. దూదిని ఏకే విల్లు పేరు ఇప్పటికే చాలా ఇళ్లలో మాయమయింది. వృత్తిని నిలపడం మన చేతిలో లేకపోవచ్చు, మాటను నిలపడం మాత్రం మన చేతిలోనిదే.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఇంట్లో తాతయ్య, నాన్నమ్మ చేసిన పని ఏమిటో, ఆ పనిముట్లను ఏమని పిలిచేవారో పిల్లల చేత రాయించండి. బట్టలు మడిచేటప్పుడు ఏ రంగు పక్కన ఏ రంగు నిండుగా ఉన్నదో, ఏది వెలవెలబోయిందో అడగండి. ఆ రంగుకు తెలుగులో ఒక పేరు, ఉర్దూలో ఒక పేరు, అరబీలో ఒక పేరు చెప్పించండి. మీకు తెలియకపోతే మసీదులో ఒకరిని, పక్కింటిలో ఒకరిని అడిగి రమ్మనండి. ప్రవక్త (స) ఆదేశం మేరకు జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని అర్ధమాసంలోనే నేర్చుకున్నారని తిర్మిజీ గ్రంథం తెలుపుతున్నది. పరాయి భాష నేర్వడం మన సంప్రదాయంలో ఉన్నదే. ఇంటి భాషను చిన్నచూపు చూడడం మాత్రం మన సంప్రదాయంలో లేదు.

ముఖ్యంగా మీ ఇంటికి కోడలిగానో, అతిథిగానో, విద్యార్థినిగానో వచ్చిన పిల్ల ఏ భాషలో సలామ్ తర్వాతి మాట మాట్లాడినా ముఖం చిట్లించకండి. ఏ రంగు ఎలా మెరుస్తుందన్నది పక్కనున్న రంగు మీద కూడా ఆధారపడి ఉంటుంది. మన పిల్లల పక్కన మనం ఎటువంటి రంగుగా నిలుస్తున్నామో చూసుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.