పానాలకు, సాకెట్లకు ఒక చోటు

తొలకరి వాన కురిసినది. మెట్ట చేనులో పదును దిగినది. ఎర్రనేలలో ఆ పదును నిలుచునది కొద్ది దినములు మాత్రమే. తెల్లవారకముందే ట్రాక్టరునకు విత్తు గొర్రు తగిలించుకొని చేనికి పోయినారు. నాలుగు సాళ్ళు తిరుగునప్పటికి గొర్రు బోల్టు ఒకటి వదులైనది. దానిని బిగించుటకు 17వ నెంబరు సాకెట్టు కావలెను. పెట్టెలో చూచినచో అది లేదు. ఇంటికి మనిషిని పంపినారు. ఎరువు బస్తాల వెనుక, గోతాముల క్రింద, అటక మీద వెదకినారు. కడపట అది మోటారు పంపు పాకలో, మొన్న వాడినచోటనే, పిడికి తగిలియే యున్నది. రెండు నిముషముల పనికి ఒక పూట గడచిపోయినది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లయినది.

ఇట్టి అనుభవము ట్రాక్టరు గల ప్రతి రైతు సోదరునకును ఎప్పుడో ఒకప్పుడు కలిగియే యుండును. ఇందులో తప్పు సాకెట్టుది కాదు, పనివానిది కాదు. దానికి ఒక చోటు ఏర్పరచకపోవుటయే తప్పు. కొడవలిని చూరులో చెక్కుట, గడ్డపారను మూలకు చేర్చుట మన పెద్దలు మనకు నేర్పినారు. చీకటిలో చేయి చాచినను కొడవలి దొరకును. యంత్రములతోపాటు మన ఇంటికి వచ్చిన పానాలకు, సాకెట్లకు మాత్రము మనమింకను అట్టి చోటు చూపలేదు.

ఖాళీ చోటే చెప్పవలెను

పనిముట్లను అమర్చుటయనగా అన్నిటిని ఒక పెట్టెలో పోసి మూత వేయుట కాదు. పెట్టెలో నలబది పనిముట్లున్నప్పుడు ఒకటి తగ్గినను పైకి తెలియదు. అది కావలసివచ్చిన నాడే, అనగా పని ఆగిన నాడే, లేదని తెలియును. ప్రతిదానికి విడిగా ఒక చోటుండి, ఆ చోటు ఖాళీగా నున్న వెంటనే కంటికి కనబడవలెను. అప్పుడు ట్రాక్టరు కొట్టము దాటకముందే, ఏది తగ్గినదో ఆ ఖాళీయే మీకు చెప్పును. ఈ వ్యాసములో చెప్పబోవు పద్ధతికంతకు ఇదియే మూలసూత్రము.

మొదట ఏరివేత

పని తక్కువగానున్న ఒక దినమున కొట్టములోని పనిముట్లన్నిటిని బయటకు తెచ్చి గోనెపట్టా మీద పోయుడు. మోటారు పాకలోనివి, ఇంటి గూటిలోనివి, ట్రాక్టరు సీటు క్రిందివి కూడ తేవలెను. వాటిని మూడు కుప్పలుగా ఏరుడు. వారమునకొకసారియైనను వాడునవి ఒక కుప్ప. ఏడాదికొకటి రెండుసార్లు వాడునవి రెండవ కుప్ప. నోరు సాగిన పానాలు, పగిలిన సాకెట్లు, తల విచ్చుకొనిన ఉలులు మూడవ కుప్ప.

ఈ మూడవ కుప్పను మరల లోనికి తేరాదు. నోరు సాగిన పానా నట్టు మూలలను అరగదీయును. జారినచో చేతి వ్రేళ్ళు చితుకును. తల విచ్చుకొనిన ఉలిని మాత్రము సాన పట్టించి, అంచులు సరిచేయించి వాడవచ్చును. అట్లు చేయనిచో సుత్తి దెబ్బకు పెచ్చు ఎగిరి కంట పడగలదు. మిగిలిన వాటిని పాత ఇనుము క్రింద అమ్మివేయుడు.

నెంబర్లు తెలిసికొనుట

పానా మీద, సాకెట్టు మీద ఉండు నెంబరు బోల్టు కాడ మందము కాదు. బోల్టు తలకు ఎదురెదురుగా నున్న రెండు చదును ప్రక్కల నడిమి దూరము. దానిని మిల్లీమీటర్లలో వ్రాయుదురు. కాడ మందము 6 మిల్లీమీటర్లున్న బోల్టు తలకు 10వ నెంబరు, 8 మిల్లీమీటర్లున్న దానికి 13వ నెంబరు సాధారణముగా సరిపోవును. 10 మిల్లీమీటర్ల బోల్టునకు 16 లేక 17, 12 మిల్లీమీటర్ల దానికి 18 లేక 19, 16 మిల్లీమీటర్ల దానికి 24 కావలెను. ఒకే బోల్టునకు రెండు నెంబర్లు చెప్పుటకు కారణమేమనగా, పాత ప్రమాణము ప్రకారము చేసిన తలలు 17, 19 నెంబర్లవి. తరువాతి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము చేసినవి 16, 18 నెంబర్లవి. సంతలో రెండు రకములును దొరకుచున్నవి. కావున రెండును దగ్గర నుంచుకొనుట మంచిది.

మన దేశములో 1956వ సంవత్సరపు తూనికలు, కొలతల చట్టము పిమ్మట మెట్రిక్ కొలతలు అంచెలంచెలుగా అమలులోనికి వచ్చినవి. అయినను కొన్ని పాత నమూనా ట్రాక్టర్లలోను, పాత ఇంజన్లలోను ఇంచీ కొలత బోల్టులు కానవచ్చును. అర ఇంచీ తల 12.7 మిల్లీమీటర్లు. దానికి 13వ నెంబరు సాకెట్టు ఎక్కును గాని కొంచెము వదులుగా నుండును. గట్టిగా బిగిసిన బోల్టును దానితో త్రిప్పినచో మూలలు అరగి గుండ్రనగును. ఆపైన ఏ సాకెట్టును పట్టదు. ముప్పాతిక ఇంచీ తల 19.05 మిల్లీమీటర్లు గనుక 19వ నెంబరుతో సాధారణముగా పని జరుగును. అన్ని కొలతలకు ఇట్టి పొత్తు కుదరదు. మీ యంత్రమునకు ఇంచీ బోల్టులున్నచో ఇంచీ సాకెట్లను వేరుగానుంచి, వాటి చోటుకు ఎర్ర రంగును, మిల్లీమీటరు సాకెట్ల చోటుకు నల్ల రంగును పూయుడు. రెండు తెగలను ఎన్నడును కలుపరాదు.

సాకెట్లకు చెక్క బద్ద

సాకెట్టు చిన్న వస్తువు, దొర్లిపోవునది. దానికి గోడ మేకు పనికిరాదు. రెండంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల వేప లేక టేకు బద్దను తీసికొని, దానిపై వరుసగా చిన్న కొయ్య మేకులను నిలువుగా దిగగొట్టుడు. సాకెట్టు వెనుకవైపు పిడి దూరు చదరపు రంధ్రము ఆ మేకుపైకి దిగవలెను. ట్రాక్టరు పనికి ఎక్కువగా వాడునది అర ఇంచీ చదరము, అనగా 12.7 మిల్లీమీటర్లు. దీనికి 12 మిల్లీమీటర్ల మందము గల గుండ్రని కొయ్య మేకు చాలును. చిన్న పనులకు వాడు 3/8 ఇంచీ చదరమునకు 9 మిల్లీమీటర్ల మేకు సరిపోవును. మేకు బద్దపైన అంగుళమున్నర ఎత్తు నిలువవలెను. 19వ నెంబరు వరకు మేకుల మధ్య 4 సెంటీమీటర్లు, అంతకు పెద్దవాటికి 6 సెంటీమీటర్లు ఎడమ వదలుడు.

సాకెట్లను చిన్నదానినుండి పెద్దదాని వరకు ఎడమనుండి కుడికి నిలుపుడు. ప్రతి మేకు ఎదుట బద్ద మీద ఆ నెంబరును పెద్దదిగా రంగుతో వ్రాయుడు. సాకెట్టు మీది నెంబరు గ్రీజు పట్టి కనబడకపోయినను బద్ద మీది నెంబరు కనబడును. చదువురాని మనిషియైనను కొద్ది దినములలో వరుసను బట్టియే గుర్తించును. బద్ద చివర పొడవు కడ్డీలకు, రాట్చెట్టు పిడికి చోటుంచవలెను.

ఇక్కడ ఒక మాట. రాట్చెట్టు పిడి లోపల చిన్న పండ్లుండును. తుప్పు పట్టి బిగిసిన నట్టును మొదట విప్పుటకు దానిని వాడినచో ఆ పండ్లు విరుగును. మొదట పొడవాటి గట్టి పిడితో కదల్చి, తరువాత రాట్చెట్టుతో త్రిప్పవలెను. అట్లే బిగిసిన నట్టునకు పండ్రెండు మూలల సాకెట్టు కంటె ఆరు మూలల సాకెట్టు మేలు. అది నట్టు ప్రక్కలను నిండుగా పట్టును. కావున ఈ గట్టి పిడి చోటు రాట్చెట్టు చోటునకు ప్రక్కనే యుండవలెను. చేతికి అందినదే వాడుదురు గదా!

గోడ బల్ల

పానాలు, సుత్తులు, పటకార్లు, ఆకురాళ్ళు, స్క్రూడ్రైవర్లు, రంపము మొదలగువాటికి గోడ బల్ల మంచిది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు గల చెక్క సాధారణ సేద్యమునకు చాలును. దానిని గోడకు అంటించరాదు. వెనుక అంగుళము మందము బద్దలు వేసి బిగించినచో వానకాలపు చెమ్మ చెక్కకు తగులదు.

బల్లను మొదట నేలమీద పరచి, పనిముట్లను దానిపై పేర్చి చూచుకొనుడు. తరచు వాడునవి రొమ్ము ఎత్తునను, అరుదుగా వాడునవి పైనను, బరువైన సమ్మెట, పైపు రెంచి క్రిందను రావలెను. బరువైనవి పైన వ్రేలాడదీసినచో కాలిమీద పడగలవు. అమరిక కుదిరిన పిదప మేకులు కొట్టి, ప్రతి పనిముట్టు చుట్టును గీత గీయుడు. పనిముట్టును తీసినప్పుడు దాని ఆకారము బల్లమీద మిగులును. సుత్తి గీతలో సుత్తియే పట్టును, పటకారు పట్టదు. ఇంటిలోని ఏ మనిషియైనను తిరిగి సరియైన చోట పెట్టగలరు. చేతిలో ఫోను గలవారు బల్ల నిండుగానున్నప్పుడు ఒక ఫొటో తీసి యుంచుకొనుట మరియు మంచిది.

చేనికి వేరు పెట్టె

బల్లమీదివన్నియు చేనికి మోయనక్కరలేదు. ట్రాక్టరుతో పోవుటకు ఒక చిన్న ఇనుప పెట్టె వేరుగానుంచుడు. అందులో మీ గొర్రు, నాగలి, గుంటకలకు కావలసిన నెంబర్ల పానాలు, ఒక సుత్తి, ఒక పటకారు, కొద్ది నట్లు, బోల్టులు, చీలలు, బైండింగు తీగ ఉండిన చాలును. ఏ నెంబర్లు కావలెనో పరికరము నొకసారి చుట్టిచూచి, వ్రాసి, ఆ పట్టికను పెట్టె మూత లోపల అంటించుడు. వీలైనచో ఈ పెట్టెకు వేరు పానాలు కొనుడు. బల్లమీదివే పెట్టెలోనికి, పెట్టెలోనివే బల్లమీదికి తిరుగుచుండినచో లెక్క నిలువదు.

తుప్పు రాకుండ

తుప్పునకు చెమ్మయు, ఉప్పును కారణములు. యూరియా, అమ్మోనియం సల్ఫేటు, పొటాషు ఎరువులు గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తినివేయును. కావున ఎరువు బస్తాలున్న గదిలో పనిముట్లు ఉంచరాదు. ట్రాక్టరు బ్యాటరీ ప్రక్కనను ఉంచరాదు. దాని ఆమ్లపు ఆవిరి ఇనుమునకు శత్రువు. తడిసిన గోనెలో చుట్టియుంచుట మరియు చెరుపు.

పని ముగిసిన వెంటనే మట్టిని పొడి గుడ్డతో తుడిచి, వారమున కొకసారి కొత్త ఇంజను నూనెను పలుచగా పట్టించుడు. జిడ్డు పేరుకొనినచో కిరసనాయిలుతోగాని డీజిలుతోగాని కడుగవచ్చును. పెట్రోలు వాడరాదు, నిప్పు అంటుకొనును. ఇంజనులోనుండి తీసిన నల్లని వాడుకనూనెను పనిముట్లకు పూయు అలవాటు కొందరికి గలదు. అది ఎల్లప్పుడు చర్మమునకు తగులుచుండుట ఆరోగ్యమునకు హాని. పురుగుమందు స్ప్రేయరునకు వాడిన పానాను సబ్బునీటితో కడిగి ఆరబెట్టనిదే బల్లమీద పెట్టకుడు.

నూర్పిడి యంత్రము వద్ద లెక్క

ఇంతవరకు చెప్పినది కాలము, డబ్బు మిగుల్చుకొనుటను గూర్చి. ఇది ప్రాణమును గూర్చి. నూర్పిడి యంత్రమునకు నట్టు బిగించి పానాను దాని పైననే మరచిపోవుట కలదు. యంత్రము అదరగానే అది జారి లోపల పడును. ట్రాక్టరు వెనుక శక్తినిచ్చు ఇరుసు ప్రమాణ వేగము నిమిషమునకు 540 చుట్లు. అనగా సెకనుకు తొమ్మిది చుట్లు. మీరు ‘ఆపు’ అని అరచులోగా లోపల పడిన ఇనుప ముక్క పండ్లకు తగిలి తూటావలె బయటకు రాగలదు. ఎదుట పనలు అందించు మనుష్యులుందురు.

కావున యంత్రముమీద పానా పెట్టుటకు ముందు ఇంజనును పూర్తిగా ఆపి, తాళపుచెవి మీ జేబులో వేసికొనుడు. పని ముగిసినపిదప పెట్టెలోని పనిముట్లను పట్టిక ప్రకారము లెక్కించుడు. లెక్క సరిపోయిన తరువాతనే ఇంజను నడుపుడు. ఒకటి తగ్గినచో, అది దొరకువరకు నడుపరాదు. పెట్టెలో పదియే యున్నచో ఈ లెక్కకు అర నిముషము పట్టును. చేని పెట్టెను చిన్నదిగా నుంచుమనుటలోని ఉద్దేశమిదియే.

అరువు, ఆయుధపూజ

పల్లెలో ఒకరి పానా ఒకరు అడుగుట సహజము. లేదనుట మర్యాద కాదు. ఇచ్చునప్పుడు ఆ ఖాళీ గీతలో తీసికొన్నవారి పేరు సుద్దతో వ్రాయుడు. ఇందులో నామోషీ లేదు. తిరిగి ఇచ్చినప్పుడు ఆయన చేతనే తుడిపించుడు. తగాదాలు రావు, పానాలును పోవు.

దసరాలో మహర్నవమినాడు పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజించుట మనకు ఆచారము. ఆ దినమును వార్షిక లెక్కకు కూడ వాడుకొనుడు. అరిగినవాటిని తీసివేసి, చెరిగిన గీతలకు మరల రంగు వేసి, కావలసినవాటి జాబితా వ్రాసికొనుడు. యంత్రముల నిర్వహణను ఇంకను బాగుగా నేర్చుకొనగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల సంస్థ శిక్షణ నిచ్చుచున్నది.

ఈ ఏర్పాటునకు పట్టునది ఒక చెక్క, రెండు బద్దలు, కొన్ని మేకులు, కొద్ది రంగు, ఒక దినపు పని. తరువాత రోజూ చేయవలసినది ఒక్కటే: సాయంత్రము కొట్టము తలుపు వేయుటకు ముందు బల్లవైపు ఒకసారి చూచుట. గీతలన్నియు నిండియున్నచో నిశ్చింతగా నిద్రపోవచ్చును. రాత్రి వాన కురిసినను, తెల్లవారి మీ గొర్రు అందరికంటె ముందే చేనిలో నుండును.