అల్లూరి చిత్రము – అడవి భూమి హక్కు

1974 మే 1వ తేదీన విడుదలయిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రమును ఎరుగని గ్రామము ఆంధ్రదేశమున అరుదు. కృష్ణగారికి ఇది నూరవ చిత్రము. దర్శకుడు వి. రామచంద్రరావుగారు నడుమనే మరణింపగా మిగిలిన భాగమును ఇతరులు పూర్తిచేసిరి.

ప్రేక్షకులకు గుర్తుండునవి ఠాణాలపై దాడులే. కాని 1922 నాటి పితూరీకి మూలము పోడు. 1882 నాటి మదరాసు అటవీ చట్టము తాతల నాటి సేద్యమును కట్టడి చేసెను. రోడ్డు పనులలో వెట్టి దానికి తోడయ్యెను.

శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటు ఎక్కువారికి కొండవాలు పోడు నేటికిని కనబడును. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి గిరిజనులు సాగుచేయుచున్న అడవి భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండ, 2006 నాటి అటవీ హక్కుల చట్టము హక్కు నిచ్చినది. షెడ్యూల్డు ప్రాంతము కాని గూడెములకును ఇది వర్తించును. అర్జీ మొదట చేరవలసినది కచ్చేరికి గాదు, గ్రామసభకు. రెండు రుజువులు కావలెను. అర్జీదారు కాని పెద్దల వాఙ్మూలము, వ్రాతలో నున్నచో, వానిలో ఒకటిగా చెల్లును. సభకు సగము మంది రావలెను. వచ్చినవారిలో మూడవ వంతు స్త్రీలుండవలెను. సినిమాకు కిక్కిరిసిన జనము సభకు రారు. కావున సభ్యులు ముందే దండోరా వేయింపవలెను. సభ తీర్మానముపై సబ్‌డివిజను కమిటీకి 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును.