చేతి స్పర్శ - చికిత్స

శివాలయంలో రుద్రాభిషేకం జరుగుతున్నప్పుడు మీరు శ్రద్ధగా ఆలకించి ఉంటే, నమకంలోని పదకొండు అనువాకాలు ముగిసిన తరువాత మేము మరికొన్ని మంత్రాలను కలిపి పఠించడం గమనించే ఉంటారు. వాటిలో ఒకటి చేతిని గూర్చినది. నా ఈ హస్తమే భగవంతుడనీ, సమస్త రోగాలకూ ఇదే ఔషధమనీ, దీని స్పర్శ మంగళకరమనీ ఆ మంత్ర తాత్పర్యం. ఇది ఋగ్వేదం పదవ మండలంలో 60వ సూక్తానికి చివరి మంత్రం.

దీని వెనుక ఒక గాథ ఉన్నది. ఇక్ష్వాకు వంశీయుడైన అసమాతి అనే రాజు తన పురోహితులైన గౌపాయన సోదరులను కాదని కిరాతుడు, ఆకులి అనే ఇద్దరు మాయావులను నియమించుకున్నాడు. ఆ మాయావులు సోదరులలో ఒకడైన సుబంధువు ప్రాణాన్ని హరించారు. తక్కిన సోదరులు సూక్తాలతో అతని ప్రాణాన్ని వెనుకకు పిలిచి, చైతన్యం వచ్చిన ఆ దేహాన్ని ఈ మంత్రంతో ఒక్కొక్కరుగా చేతితో తాకారు. బృహద్దేవత ఈ కథను చెబుతుంది. అదే మండలం 137వ సూక్తంలో సప్తర్షులు ఒక్కొక్కరు ఒక్కొక్క మంత్రం దర్శించారు. అక్కడ కూడా చివరికి వచ్చేది పది వేళ్లున్న రెండు చేతులతో రోగిని తాకడమే.

నలభై ఏళ్లకు పైగా ఈ మంత్రాలను పఠిస్తున్నాను. అయినా గత మాఘమాసంలో మా అమ్మాయి టెక్సస్ నుంచి ఫోను చేసి అడిగిన ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోయాను. రెండు నెలల పసివాడు సాయంత్రమయ్యేసరికి ఎవరూ ఓదార్చలేని ఏడుపు మొదలుపెడుతున్నాడట. పొరుగున ఉన్నవారెవరో 'క్రేనియోసేక్రల్ థెరపీ' చేయించమన్నారట. "తలమీద మెల్లగా చేతులుంచుతారట నాన్నగారూ, మన హస్తస్పర్శ లాంటిదే కదా, చేయించమంటారా?" అన్నది. తెలుసుకుని చెబుతానన్నాను. తెలుసుకున్నది మీకూ ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాను.

క్రేనియం అంటే కపాలం. సేక్రమ్ అంటే వెన్ను చివర, నడుము కింద ఉండే త్రికాస్థి. లాటిన్ భాషలో ఆ ఎముక పేరుకు 'పవిత్రమైనది' అని అర్థం. ఈ విధానానికి మూలపురుషుడు విలియం గార్నర్ సదర్లాండ్ అనే అమెరికా వైద్యుడు. ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో స్థాపించిన ఆస్టియోపతి పాఠశాలలో ఆయన విద్యార్థి. అక్కడ విడదీసి ఉంచిన ఒక పుర్రెను చూస్తుండగా, కణతల దగ్గరి ఎముకల అంచులు చేప మొప్పల వలె ఏటవాలుగా ఉన్నట్లు ఆయనకు తోచింది. మొప్పల వలె ఉన్నవి కదలవలసినవే కదా అని ఊహించాడు. ఆ ఊహను పరీక్షించడానికి ఏళ్ల తరబడి తన తలనే రకరకాల పట్టీలతో బిగించుకుని చూశాడు. 1939లో తన సిద్ధాంతాన్ని చిన్న గ్రంథంగా వెలువరించాడు. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. అయితే పోలిక వేరు, ప్రమాణం వేరు. మన న్యాయశాస్త్రం చదివినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తరువాత జాన్ అప్లెడ్జర్ అనే మరొక వైద్యుడు, ఒక వెన్నెముక శస్త్రచికిత్సలో సహాయపడుతూ, వెన్నుపామును కప్పి ఉంచే పొర లయబద్ధంగా కదలడం చూశానన్నాడు. 1975 నుంచి 1983 వరకు మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పరిశోధించి, 1985లో ఫ్లోరిడాలో స్వంత సంస్థ నెలకొల్పాడు. ఈనాడు క్రేనియోసేక్రల్ పేరుతో జరిగేది చాలావరకు ఆయన బోధించిన పద్ధతియే. రోగి వస్త్రాలతోనే బల్లపై వెల్లకిలా పడుకుంటాడు. చికిత్సకుడు తల కింద, నడుము కింద చేతులుంచుతాడు. నొక్కడం, విరవడం ఉండవు. చేతి బరువు ఐదు గ్రాములకు మించరాదంటారు, అంటే ఒక చిన్న నాణెమంత. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉన్న ద్రవం నిమిషానికి ఆరు నుంచి పన్నెండు సార్లు పొంగి తగ్గుతుందనీ, ఆ లయను వేళ్లతో గ్రహించి, అడ్డంకులను సడలిస్తే దేహమే తనను తాను బాగుచేసుకుంటుందనీ వారి వాదం.

ద్రవం మాత్రం సత్యమే. పెద్దవారిలో అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. దేహం రోజుకు అర లీటరు దాకా దానిని తయారుచేస్తూ, పాతదానిని పీల్చుకుంటూ ఉంటుంది. కానీ వేళ్లకు అందే ఆ ప్రత్యేక లయ సంగతి వేరు. ఒకే రోగిని ఇద్దరు చికిత్సకులు విడివిడిగా పరీక్షించినప్పుడు వారి లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. పెద్దవారి కపాలంలోని ఎముకలు అంత తేలికైన స్పర్శకు కదులుతాయనడానికీ ఆధారం దొరకలేదు. నొప్పులున్న కొందరికి ఉపశమనం కలిగిందన్న అధ్యయనాలు ఉన్నాయి. అయితే 2024లో వెలువడిన ఒక సమీక్ష, లభ్యమైన పరీక్షలన్నిటినీ కలిపి చూసి, చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదని తేల్చింది.

అట్లయితే ఆ బల్లపై నుంచి లేచి హాయిగా ఉన్నదన్నవారంతా భ్రమపడ్డారా? అలా అనుకోను. స్పర్శకు తనదైన శక్తి ఉన్నది. రోమాలున్న చర్మంలో మెల్లని నిమురుకే బాగా స్పందించే సన్నని నాడీతంతువులున్నాయి. క్షణానికి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనమున్న చేతితో నిమిరితే అవి బాగా మేల్కొంటాయి. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం అదే. చర్మం ఒత్తిడిని ఎట్లా గ్రహిస్తుందో కనుగొన్నందుకు ఆర్డెమ్ పటపౌటియన్‌కు, వేడిని ఎట్లా గ్రహిస్తుందో కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఇంద్రియాలన్నిటిలోనూ స్పర్శేంద్రియమే వ్యాపించి ఉన్నదని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. వాగ్భటుడు దినచర్యలో నిత్యాభ్యంగాన్ని విధిస్తూ తల, చెవులు, పాదాలను ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

మన ఆచారాలలో తలను తాకే సందర్భాలు ఎన్ని! సుముహూర్తాన వధూవరులు జీలకర్ర బెల్లం ఒకరి నడినెత్తిపై ఒకరు ఉంచి చేయి తీయకుండా నిలుచుంటారు. ఆ కొద్ది నిమిషాలలో మేళతాళాల హోరులో కూడా ఆ ఇద్దరి ముఖాలలో కలిగే నెమ్మది నేను ఎన్నో పెళ్లిళ్లలో చూశాను. శఠగోపం తలకు తగిలిన క్షణాన కన్నీరు పెట్టుకున్న పెద్దమనుషులను కూడా చూశాను. ఆ కన్నీటికి ఎముకల కదలిక కారణం కానక్కరలేదు.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. చెప్పడం సులభం కాదు.

పద్దెనిమిదేళ్ల క్రితం మా అక్కయ్యకు తరచు తలనొప్పి వచ్చేది. సాయంత్రం పూజ ముగించుకుని నేను ఇంటికి రాగానే వచ్చి ఎదురుగా కూర్చునేది. నేను ఆ మంత్రమే చదివి, విభూతి పెట్టి, నువ్వులనూనెతో మాడు నుంచి మెడ దాకా మెల్లగా రాసేవాడిని. "నీ చెయ్యి పడితే ప్రాణం లేచి వచ్చినట్లుంటుందిరా తమ్ముడూ" అనేది. ఆ రాత్రి నిద్రపట్టేది కూడా. ఏడాదికి పైగా అట్లాగే గడిచింది. ఒక కార్తీక సోమవారం తెల్లవారుజామున దీపం వెలిగించబోతూ కూలిపోయింది. పక్షవాతం. ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమెకు ఎప్పుడైనా రక్తపోటు చూపించారా?" అని. చూపించలేదు. నొప్పి తగ్గుతోంది కదా అనుకున్నాం. ఆ తరువాత తొమ్మిదేళ్లు జీవించింది. మా ఇంట పిల్లలందరికీ తలంటు పోసిన ఆ కుడిచేయి మళ్లీ పైకి లేవలేదు.

నా స్పర్శ అబద్ధమని నేను ఈనాటికీ అనుకోను. ఆమెకు హాయి కలిగిన మాట నిజం. ఆ హాయి చాటున జబ్బు కనబడకుండా పెరిగిన మాటా అంతే నిజం. చికిత్సలో 'సంపూర్ణ దృష్టి' అనే మాటను ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. రక్తపోటు కొలిచే పట్టీని విడిచిపెట్టిన దృష్టి సంపూర్ణం ఎట్లా అవుతుంది?

అందుచేత మీ ఊరిలోనో, మీ పిల్లలున్న దేశంలోనో ఇటువంటి చికిత్స చేయించుకోదలిస్తే, విశ్రాంతి కోసమైతే సరే, వైద్యుడు చూసిన తరువాతనే చేయించుకోండి. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి, మాట తడబడడం, ఒక పక్క బలహీనత, చూపు మసకబారడం, మెడ బిగిసి జ్వరం రావడం, వీటిలో ఏది కనబడినా ఎవరి చేతులకోసమూ ఆగవద్దు. తలకు దెబ్బ తగిలినవారికీ, మెదడులో రక్తస్రావం జరిగినవారికీ ఈ పద్ధతి పనికిరాదని దానిని ఆచరించేవారే చెబుతారు. మందులు మానివేయమని చెప్పే చికిత్సకుడు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త. నుదుటికి పైన ఉండే మెత్తని మాడు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర వయస్సుకు పూడుకుంటుంది. అంతవరకు దానిపై నూనె మెత్తగా అద్దవచ్చును గాని, నొక్కరాదు. చంటిబిడ్డ ముక్కులో, చెవిలో నూనె పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నది. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. పెద్దలు నొచ్చుకున్నా సరే, ఆ అలవాటు మానిపించండి.

పసివారికి స్పర్శ ఎంత మేలు చేస్తుందో నిరూపించిన విధానం వేరే ఉన్నది. 1970ల చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో, వెచ్చని పెట్టెలు చాలక, నెలలు నిండని శిశువులను వైద్యులు తల్లి రొమ్ముకు ఆనించి కట్టారు. 2021లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో మన దేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రులు పాల్గొన్నాయి. తక్కువ బరువుతో పుట్టిన శిశువులను పుట్టిన వెంటనే ఈ విధంగా తల్లి ఒంటికి చేర్చితే, మొదటి 28 రోజులలో మరణాలు సుమారు 25 శాతం తగ్గినట్లు తేలింది. అమ్మ ఒడి అని మనం ఊరకే అనలేదు.

మా అమ్మాయికి ఈ సంగతులన్నీ చెప్పాను. ముందు పిల్లల వైద్యునికి చూపించమన్నాను. ఆయన బిడ్డను పరీక్షించి, బరువు సక్రమంగా పెరుగుతోందనీ, జ్వరం, వాంతులు లేవనీ, ఇటువంటి ఏడుపు మూడు నాలుగు నెలలకు తనంతట తగ్గిపోతుందనీ చెప్పాడట. విసిగిపోయినప్పుడు బిడ్డను ఎన్నడూ కుదపవద్దనీ, పక్కమీద భద్రంగా పడుకోబెట్టి నాలుగు నిమిషాలు అవతలికి వెళ్లమనీ కూడా చెప్పి పంపాడట. ఆ మాట నాకు నచ్చింది.

ఆమె ఆ చికిత్సకు వెళ్లలేదు. రోజూ సాయంకాలం దీపం పెట్టి, పిల్లవాణ్ని రొమ్ముమీద బోర్లా ఆనించుకుని, వీపు నిమురుతూ, వచ్చినంతవరకు విష్ణుసహస్రనామం చదువుకుంటున్నదట. చైత్రం వచ్చేసరికి ఏడుపు తగ్గింది. స్పర్శ వల్లనా, వయస్సు వల్లనా అని అడిగింది. వైద్యుడు చెప్పిన గడువు కూడా అప్పటికే పూర్తయింది కదమ్మా అన్నాను.